సిదికాత్ దాచిన ప్రయాణం

వీసాకి కాగితాలు ఇచ్చి వచ్చిన ఇరవై నాలుగో రోజుకి ఫబున్మి టీచర్‌కి తిండి సహించడం మానేసింది. లేవగానే ఫోన్, పళ్లు తోముకుంటూ ఫోన్, క్లాసులో నదుల గురించి చెబుతూ మధ్యలో ఫోన్. ఎప్పుడు చూసినా ఒకటే వాక్యం: మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. పదిహేను పనిదినాలన్నారు, అవీ దాటిపోయాయి. పాస్‌పోర్టు లాగోస్‌లో వీసా ఆఫీసు వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ ఇబాదాన్ ఊరి పిల్లలకి భూగోళం చెబుతోంది. మంచునది బొమ్మ కళ్లు మూసుకుని గీయగలదు. పోయినేడు ఒక పిల్ల లేచి, "మీరు చూశారా మేడమ్?" అంది. చూడలేదు. ఫ్రీజర్‌లో చేపల మీద పేరుకున్నది తప్ప ఆవిడ మంచు ఎరగదు. ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. అందుకే మంచు చూడటానికి ఈ పదిరోజుల విదేశీ ప్రయాణం. సెప్టెంబరులో రిటైర్‌మెంటు. ఉద్యోగం ఉందని చెప్పే ఉత్తరం లేని ముసలామెకి వీసా ఎవరిస్తారు? ఇప్పుడైతే ఇప్పుడు, లేకపోతే ఈ జన్మకి లేదు.

ఇబాదాన్‌లో వీసాకి పెట్టినవాళ్లు మొదటి నెలల గర్భిణిలా గుట్టుగా ఉంటారు. నలుగురి నోటా పడితే దిష్టి తగులుతుందని, విమానం గాల్లోకి లేచేదాకా నోరు మెదపరు. ఫబున్మి టీచర్ నలుగురికి చదువు చెప్పిన మనిషే అయినా ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది. సెలవు ఉత్తరం మీద సంతకం పెట్టిన హెడ్‌మాస్టర్ అకిన్‌రినోలాకి, దాన్ని టైపు చేసిన ఆఫీసు గుమాస్తా సిదికాత్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. "ఎవరడిగినా నీకేం తెలీదు. నా ఆడపడుచు చెవిన పడిందో, అయిపోయినట్టే" అని సిదికాత్‌తో ఒట్టు కూడా వేయించుకుంది.

ఆ రోజు టీ విరామంలో సిదికాత్ వెలిగిపోతున్న మొహంతో వచ్చింది.

"టీచరమ్మా, ఇవాళ నాకు మీరు మోయిన్‌మోయిన్ తినిపించాలి."

"ఏం ఘనకార్యం చేశావే?"

"నిన్న హెడ్‌మాస్టర్ మీటింగుకి పోయినప్పుడు ఎవతో ఫోన్ చేసింది. ముక్కుతో ఇంగ్లీషు. మీరు ఇక్కడే పనిచేస్తారా, సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్తున్నారా అని ఒకటే ఆరా. నేనేమన్నా తక్కువ తిన్నానా? టీచరమ్మకి సెలవేంటి, ప్రయాణమేంటి, పక్క ఊరికి కూడా పోదు అన్నా. అయినా వదలదే! మా టీచర్ల గొడవ నీకెందుకమ్మా అని ఠక్కున పెట్టేశా."

ఫబున్మి టీచర్ కప్పు కింద పెట్టింది. "ఎక్కడి నుంచో చెప్పిందా?"

"ఏదో ఆఫీసంట. అబద్ధాలాడేవాళ్లంతా ఆఫీసనే అంటారు. మీ ఆడపడుచే చేయించుంటుంది, నాకు తెలీదా!"

అది వీసా ఆఫీసు ఫోనే అని టీచర్‌కి అర్థమైపోయింది. అరవాలనిపించింది. కానీ భర్త పోయినప్పుడు నలభై రాత్రులు తన పక్కన చాప వేసుకుని పడుకున్నది ఈ సిదికాతే. "మంచి పని చేశావ్" అని, కప్పు అక్కడే వదిలేసి హెడ్‌మాస్టర్ గదికి దాదాపు పరుగెత్తింది.

విషయం విని ఆయన కుర్చీలోంచి లేచాడు. "పిలవండి దాన్ని! బుద్ధుందా లేదా?"

"వద్దు సార్. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేను. అది మాట నిలబెట్టుకుంది, అంతే. మీరు ముందు ఉత్తరం రాయండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"అంత మాటెందుకమ్మా" అంటూనే ఆయన అప్పటికప్పుడు రాశాడు. ఈవిడ మా ఉద్యోగి, సెలవు నేనే ఇచ్చాను, నిన్న ఫోన్‌లో మాట్లాడిన ఉద్యోగి పొరపాటు పడింది. స్కూలు ముద్ర వేసి పంపించారు. అటు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తర్వాత ఆరు రోజులు ఆవిడ ఎలా గడిపిందో ఆవిడకే తెలియాలి. ఫోన్ మోగితే భయం, మోగకపోతే మరీ భయం. సిదికాత్ ఎదురుపడితే నవ్వాల్సి రావడం అన్నిటికంటే కష్టంగా ఉండేది.

ఏడో రోజు పాస్‌పోర్టు తీసుకెళ్లమని కబురొచ్చింది. వీసా ఇచ్చారో లేదో అందులో ఉండదు. తెల్లవారుజామునే బస్సెక్కి లాగోస్ వెళ్లింది. అందరూ కవర్లు పేవ్‌మెంటు మీదే చింపుతున్నారు. ఒకాయన గెంతులేస్తున్నాడు, ఒకామె గోడకి జారగిలబడి కూలబడింది. ఫబున్మి టీచర్ అక్కడ విప్పలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రార్థన ముగించి, అప్పుడు చింపింది.

పాస్‌పోర్టు పేజీలు ఖాళీగా ఉన్నాయి. మడిచిన కాగితంలో కారణం ఒకే ముక్కలో రాసి ఉంది: మీ సెలవును, మీ ప్రయాణాన్ని యజమాని కార్యాలయం ధ్రువీకరించలేదు. నిర్ణయం తేదీ చూసింది. సిదికాత్ ఫోన్ ఎత్తిన రోజే. హెడ్‌మాస్టర్ ఉత్తరం మర్నాడు వెళ్లింది. ఇబాదాన్ వచ్చేదాకా ఆవిడ ఏడుస్తూనే ఉంది. పక్క సీటామె ఏమీ అడగకుండా రుమాలు ఇచ్చింది.

మర్నాడు స్కూలు గేటు దగ్గరే సిదికాత్ కాచుకుని ఉంది. మొహం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"ఇవ్వలేదా?"

"ఇవ్వలేదే."

"ఏమని రాసి చచ్చారు?"

కాగితం చేతిసంచిలోనే ఉంది. సిదికాత్‌కి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఫబున్మి టీచర్ సంచిని చంక కిందకి నొక్కిపట్టుకుంది.

"వెళ్తే తిరిగి రానని రాశారు."

"మీరా! తిరిగి రారా!" సిదికాత్ తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంటూనే మండిపడింది. "పరీక్ష పేపర్లు వదిలేసి పెళ్లికి కూడా పోని మనిషి మీరు! వాళ్ల మొహాలు మండ! వాళ్ల మంచు వాళ్లనే తినమనండి!" కాసేపు తిట్టి తిట్టి, గొంతు తగ్గించి దగ్గరికొచ్చింది. "ఎవరి నోరు మీకు తగిలిందో గానీ టీచరమ్మా, నా నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క బయటికి పోలేదు. దేవుడి మీద ఒట్టు."

"తెలుసే" అని ఫబున్మి టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు."