ఊరేగే కంప్యూటర్లు

మంత్రిగారి కారు స్కూలు గేటు దాటిందో లేదో ముస్తాక్ ప్లగ్గు పీకేశాడు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఇంకా తన పేరు టైపు చేసుకుంటూనే ఉన్నాడు. సగం పేరు దగ్గర తెర నల్లబడింది. వాడు తెరవైపు చూడలేదు, ముస్తాక్ మొహంవైపు చూశాడు. 

రెండువేల సంవత్సరం వచ్చింది. వచ్చి కంప్యూటర్లన్నిటినీ ఆపేస్తుందన్న వైటూకే భూతం రాలేదు. దాన్ని పట్టడానికి కడప నుంచీ ఖమ్మం నుంచీ సిడ్నీకి రప్పించిన భూతవైద్యులు మాత్రం మిగిలిపోయారు. కోడు రాసే చేతులకి ద్వారకానాథ్ అంకుల్ మోత పని చూపించాడు. ఆయన ఇరవయ్యేళ్ల కిందట వచ్చి పాతుకుపోయిన పెద్దమనిషి. ఉగాది సభలో ముందు వరస ఆయనది, వీసాకి స్పాన్సర్ ఆయన. ఆయన కంపెనీ వదిలితే వీళ్లు దేశం వదలాలి.

ప్రభుత్వ బళ్లలో కంప్యూటర్ లాబులు పెట్టే కాంట్రాక్టూ ఆయనదే. బడికో లాబు పెడతానని ఒప్పుకున్నాడు. అన్ని బళ్లకీ కలిపి ఒక్కటే కొన్నాడు. మంత్రిగారు ఏ బడికొస్తే ఆ బడికి కంప్యూటర్లు వ్యానెక్కి ముందే చేరేవి. ఆయన రిబ్బను కత్తిరించి, పిల్లలతో నాలుగు ముక్కలు మాట్లాడి, ఫోటో దిగి వెళ్లగానే మళ్లీ వ్యానెక్కేవి. బళ్లకి లాబు దక్కలేదు గానీ అంకుల్‌కి లాభం దక్కింది.

ఆదివారం సిడ్నీలో మనవాళ్లు ఎక్కువుండే హారిస్ పార్క్‌లో, స్వీటుషాపు బయట బల్ల దగ్గర ముగ్గురు పనివాళ్లూ పోట్లాడుకున్నారు.

"ఇంగ నా వల్ల గాదక్కా," అన్నాడు ముస్తాక్. "ఆ పిల్లోడు నన్ను దొంగను సూసినట్ల సూసినాడు."

"సూడడా మరి? దొంగ సరుకు మోస్తున్నం గద," అంది శేషుకుమారి. ఖమ్మంలో లెక్చరర్‌గా పాఠాలు చెప్పిన మనిషి, ఇక్కడ కేబుళ్లు చుడుతోంది. "ఈసారి పీకుమంటే పీకొద్దు. ముగ్గురం కూసుందాం."

"కూర్చుంటే మిగిలేది ఎయిర్‌పోర్ట్ కుర్చీ అక్కా," అన్నాడు హస్సాన్. "నా బీవీ మొన్ననే వచ్చింది. భాయ్, నీ ఇంట్ల లతీఫా భాభీ నిండు నెలలతోని ఉంది. సోచో జరా!"

"ఒక్కర్నయితే తీసేస్తడు. ముగ్గుర్ని తీసేస్తే రేపు ఎవరు మోస్తరు? ఆయన సూటా?" అంది శేషుకుమారి.

హస్సాన్ టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

మంగళవారం మరో హైస్కూలు. మంత్రిగారు మైకు పట్టుకుని, "భవిష్యత్తు మీ వేళ్ల కొసల మీద ఉంది," అన్నారు. పదో తరగతి రుమానా లేచి నిలబడింది.

"సర్, ఇవి మా దగ్గరే ఉంటాయా?"

మంత్రిగారు ఆ పిల్లని చూడలేదు, కెమెరాని చూశారు. "ఇవన్నీ మీవే. వీటిని ఎవరూ తీసుకెళ్లరు."

చప్పట్లు మోగాయి. కారు వెళ్లిపోయింది.

"కానీండి బాబూ, కానీండి!" ద్వారకానాథ్ తొందరపెట్టాడు. "లంచ్ అవగానే ఆయన రెండో బళ్లో ఉంటారు."

రుమానా కంప్యూటర్ని రెండు చేతులా పట్టుకుంది. "మావే అన్నారు కదా, అంకుల్?"

"అదేదో మాటవరసకన్నారమ్మా."

"మాట ఆయనది, వరస నీదా అంకుల్?" అంది శేషుకుమారి.

ముస్తాక్ చెయ్యి ప్లగ్గు మీదే ఉంది. కళ్లముందు లతీఫా మెదిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను పీకను."

స్విచ్చిబోర్డుకి వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు. పక్కనే శేషుకుమారి కూర్చుంది. గుమ్మంలో అట్టపెట్టెతో నిలబడ్డ హస్సాన్ వాళ్లిద్దర్నీ, బయటి వ్యాన్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి పెట్టె దించాడు.

"పోతే ముగ్గురం ఒకటే ఫ్లైట్. విండో సీటు నాది," అంటూ చతికిలబడ్డాడు.

పిల్లలు వాళ్ల చుట్టూ వరసలు కట్టారు. తలుపు మూయడానికొచ్చిన లెక్కల టీచరు దాన్ని బార్లా తెరిచింది. పక్క క్లాసులు పొలోమని వచ్చిపడ్డాయి. ఆ సందట్లో రుమానా గేటు దగ్గరి ఫోన్‌బూత్‌కి పరుగెత్తింది. మంత్రిగారు తమ బడికీ వస్తున్నారని ముందే చెప్పిన, రెండో బళ్లో చదివే స్నేహితురాలు ఫరహ్‌ని ఫోన్‌కి పిలిపించి, ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది.

"ఏవయ్యా ముస్తాక్, నిన్నీ దేశం తెచ్చింది నేను!" ద్వారకానాథ్ అరిచాడు. "నీ వీసా నా జేబులో ఉంది!"

"జేబు నీది అంకుల్. చేతులు మావి."

లంచ్ టైము దాటుతుండగా, ద్వారకానాథ్ పిలిచిన పోలీసులొచ్చారు. "ఈ కంప్యూటర్లు ఎవరివి?" అనడిగాడు కానిస్టేబుల్.

"మావి!" గదంతా అరిచింది.

"ఎవరు చెప్పారు?"

"మినిస్టర్!"

కానిస్టేబుల్ మెడ గోక్కున్నాడు. పిల్లల్ని పట్టుకోలేడు, మంత్రిని అసలే పట్టుకోలేడు. పట్టుకోవడానికి వీలుగా ముస్తాక్ దొరికాడు. రెక్క పట్టి లేపాడు.

సరిగ్గా అప్పుడే ద్వారకానాథ్ మొబైల్ మోగింది. మంత్రిగారి మనిషి కేకలకి ఫోన్ చెవి నుంచి దూరంగా జరిపాడు. కేకల వెనక వాన పడుతున్నట్టు టకటకమనే చప్పుడు, అది గదిలో అందరికీ వినబడింది.

"ఏమిటా చప్పుడు?" నీరసంగా అడిగాడు ద్వారకానాథ్.

రెండో బళ్లో ఫరహ్, ఆమె క్లాసూ ఖాళీ బల్లల మీద టైపు చేస్తున్నారట. మంత్రిగారు మాట్లాడుతున్నా ఆపడం లేదట.

రుమానా పక్కనున్న గోడ మీద టైపు చేస్తున్నట్టు వేళ్లు ఆడించింది. ఆమెని చూసి మరొకరు, వాళ్లని చూసి వరండా అంతా. ముస్తాక్‌ని పోలీసు కారెక్కించారు. లోపల చీకటిగా, ఉక్కగా ఉంది. లతీఫాకి ఎవరు చెబుతారో తెలియదు. కారు కదలబోయింది. కదల్లేకపోయింది. పైకప్పు మీద, అద్దాల మీద, బానెట్ మీద, వందల వేళ్లు.