ఎల్డన్ అరచేతులు

నవంబరు వరద వచ్చి పోయిన మూడో ఏడు. అక్టోబరు, శనివారం. పొద్దున్న ఏడింటికే ఎల్డన్ తన చెల్లెలి కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కారు ముందు చక్రాలు రెండూ ఇనప దిమ్మెల మీద ఉన్నాయి. వెనక చక్రాలకు చెరో మొద్దు అడ్డం పెట్టాడు. బయటికి కనబడేవి అతని బూట్లు మాత్రమే. వాటి అంచుల చుట్టూ తారు రాయిలా గట్టిపడి ఉంది. పని మానేసి రెండేళ్లయినా ఆ తారు వదల్లేదు.

ముప్పై నాలుగేళ్లు రోడ్డు పని చేశాడు. లారీ పొగలు కక్కుతూ గుమ్మరించిన తారుకంకరను పొడుగు కర్రకు బిగించిన ఇనప పలకతో లాగి చదును చెయ్యడం అతని వంతు. రోలరు మీదికి వచ్చేలోపల అయిపోవాలి. తారులో వేడి చాలకపోతే ఆ రోడ్డు ఒక్క చలికాలానికే పెళ్లలుగా లేచిపోతుంది. అందుకని ఎల్డన్ ప్రతి లారీ దగ్గరా తొడుగు తీసేవాడు. అరచెయ్యి జానెడు ఎత్తున ఆడించి, గబుక్కున ఒకసారి ఆనించి, "పొయ్యండి" అనేవాడు. లేకపోతే "వెనక్కి పట్టుకుపొండి" అనేవాడు. ఆ రెండు మాటలతోనే రోజు గడిచిపోయేది. ఇంజనీరు థర్మామీటరు గుచ్చి చూసి, తలూపి జేబులో పెట్టుకునేవాడు.

ఊరి నుంచి తూర్పుకు పోయే కొండ రోడ్డు నాలుగు మైళ్ల ఎక్కుడు, పదకొండు మలుపులు. అది రెండుసార్లు అతని చేతుల మీదుగానే పడింది. ఇప్పుడు ఆ రోడ్డే అతని చెల్లెలు ఆర్డిత్‌ను ఎక్కనివ్వడం లేదు.

ఆర్డిత్‌కు యాభై రెండేళ్లు. బడి వంటశాలలో ఇరవై ఏళ్లు ఇంకొకరి గరిట తిప్పింది. వరద ఆమె ఇంటినీ, ఇంట్లో పొయ్యినీ, అమ్మ ఇచ్చిన ఇనప పెనాలనూ పట్టుకుపోయింది. అన్న ఇంట్లో చేరింది. మొదటి వారం ఏడ్చింది. రెండో వారం గుర్రాలను ఎక్కించుకుపోయే పాత ట్రైలర్ ఒకటి ఈడ్చుకొచ్చింది. మూడేళ్లు దాన్ని తోమి, రేకు కొట్టి, కిటికీ కోసి, నాలుగు మంటల పొయ్యి బిగించి భోజనాల బండి చేసింది. కొండకు ఆవల కుర్చీలు, బల్లలు చేసే కార్ఖానా ఒకటుంది. దాని గేటు దగ్గర ఆమెకు చోటిచ్చారు. ఎల్లుండి సోమవారం మధ్యాహ్నం గంట కొట్టేసరికి అక్కడ అన్నం వేడిగా ఉండాలి. లేకపోతే ఆ చోటు వరసలో తర్వాతివాడికి పోతుంది.

పోయిన ఆదివారం దారి ఎలా ఉంటుందో చూద్దామని బండి తగిలించుకుని బయల్దేరింది. మూడో మలుపు దగ్గర కారు ఊపిరి పోయినట్టు ఆగింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు కదలవు. మాడిన వాసన. గేర్లు వాటంతటవే పడే కారు అది. బరువు లాగుతూ ఎక్కుడెక్కితే గేరుపెట్టెలో ఆయిల్ మరిగిపోతుంది. మరిగిన ఆయిల్‌తో ఇంకో మైలు పోతే గేరుపెట్టె పాత ఇనుమే. ఎల్డన్ కారును వెనక్కి లాక్కొచ్చి, నల్లబడ్డ ఆయిల్ తీసి కొత్తది పోశాడు. బుధవారం విడిభాగాల కొట్లో కూలర్ కొన్నాడు. టీ పళ్లెం అంత ఉంటుంది. సన్నటి గొట్టం వంకర్లు తిరిగి, చుట్టూ రేకుల పొరలు. గేరుపెట్టె ఆయిల్ ఇంజను ముందున్న రేడియేటర్‌లోకి ఒక పైపులో పోయి, ఇంకో పైపులో తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే పైపును కోసి, మధ్యలో దీన్ని పెట్టాలి. అప్పుడు ఆయిల్ రెండోసారి చల్లబడి పెట్టెలోకి పోతుంది.

కూలర్‌తో పాటు ప్లాస్టిక్ పుల్లలు ఇచ్చారు. వాటిని రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి బిగించమని కాగితం మీద బొమ్మ ఉంది. ఎల్డన్ ఆ పుల్లలను చెత్తలో వేశాడు. కొండ రోడ్డు కుదుపుకు అవి రేకులను కోసేస్తాయి. మూల పడున్న ఇనప పట్టీ తెచ్చి, నాలుగు ముక్కలు చేసి, వంచి, రంధ్రాలు వేసి, రేడియేటర్‌కు రెండు వేళ్ల ఎడంగా కూలర్‌ను నిలబెట్టాడు. పట్టుకుని ఊపితే కారంతా ఊగింది గానీ కూలర్ కదల్లేదు. ఆ పని చూసుకుని కాసేపు ఊరకే కూచున్నాడు.

పక్కింటి క్లీట్ కంచె మీద మోచేతులు ఆనించాడు. అతను బడి బస్సులు నడిపి మానేసినవాడు. పొద్దున్నే ఎవరినో ఒకరిని ఏడిపించకపోతే అతనికి కాఫీ అరగదు.

"ఒరే ఎల్డన్, మా నాన్న ఇదే కొండ గాడిదతో ఎక్కాడు. గాడిదకి కూలర్ పెట్టలేదురా."

"అందుకే నడిమధ్యలో చచ్చింది," అంది కారు కింది గొంతు.

"చచ్చింది గాడిదే గదా, మా నాన్న కాదుగా."

కారు కింద పానా చప్పుడు మళ్లీ మొదలైంది.

ఇక పైపు కొయ్యాలి. రెండు పైపులూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకే లావు. ఏది పోయేది, ఏది తిరిగొచ్చేది? పైపు ఊడదీసి ఇంజను తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అది ఆయిల్ పారబోసుకునేవాళ్ల పద్ధతని ఎల్డన్ ఉద్దేశం. అతను ఇంజను పావుగంట నడవనిచ్చి, ఆపి, కిందికి పాకి, కుడి చేత్తో ఒక పైపు, ఎడం చేత్తో ఒక పైపు పట్టుకున్నాడు. వేడిగా ఉన్నది పోయేది. కళ్లు మూసుకున్నాడు. ఎడం చేతి కింద కొంచెం చల్లగా తోచింది. దాన్నే కోశాడు.

కోసిన చోట పైపు మొనలకు గుండ్రటి గట్టు తీశాడు. నున్నటి పైపు మీద రబ్బరు గొట్టం ఎంత బిగించినా ఒకనాటికి జారుతుంది. గట్టు ఉంటే జారదు. రబ్బరు గొట్టాలు ఆయిల్‌కు తట్టుకునేవే తెచ్చాడు. ఒక్కో చివరకు రెండేసి పట్టీలు వేసి బిగించాడు. ఆయిల్ కొలిచి తగ్గినంత పోశాడు. పదకొండున్నరకు బయటికి వచ్చి వీపు సాపుచేసుకున్నాడు.

ఆర్డిత్ పెపరోనీ మాంసం ముక్కలు లోపల పెట్టి చుట్టిన రొట్టెలు తెచ్చింది. నిలబడే తిన్నారు. తర్వాత బండి తగిలించి, లోపల సామాను బదులు నీళ్ల పీపాలు ఎక్కించి కొండకు పోయారు. ఆమె నడిపింది, అతను పక్కన కూచున్నాడు. మొదటి మలుపు దాటారు. రెండోదీ దాటారు. మూడో మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చోట ఆపించాడు. బానెట్ ఎత్తి, పెట్టెలోకి దిగే పైపు మీద అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. ఆనించి ఉంచాడు.

"బాగుంది," అన్నాడు. ఆ మాటలో ఛాతీ కొంచెం విరుచుకోవడం ఉంది.

ఆర్డిత్ సంతోషంగా వంగి అన్న చేతి పక్కనే తన చెయ్యి పెట్టింది. పెట్టినంత వేగంగా తీసి వేళ్లు నోట్లో పెట్టుకుంది.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి."

అతను తియ్యలేదు. ఆమె ముఖం వంక చూశాడు.

"కాలిపోతోంది అన్నయ్యా. తియ్యి ముందు."

తీశాడు. అరచేతికి అడ్డంగా పైపు వెడల్పున తెల్లటి చార ఉంది. మంట లేదు. ఆ చారను బొటనవేలితో రుద్ది చూశాడు. చర్మం బూటు అట్టలా ఉంది. తారు మీద పెట్టిన చెయ్యి. అది వేడి సంగతి ఎప్పుడు చెప్పడం మానేసిందో అతనికి తెలియదు. ఆఖరి ఏళ్లలో అతను "పొయ్యండి" అన్నది చేతిని బట్టి కాదేమో. తారు మెరుపును బట్టో, పొగను బట్టో అయి ఉంటుంది. చెయ్యి ఊరకే అలవాటుకొద్దీ చాపేవాడు.

కారు చల్లబడేదాకా రోడ్డు గట్టు మీద కూచున్నారు. ఆర్డిత్ రోడ్డు కేసి చూసింది. పగులు లేదు, గుంట లేదు. వాన కడిగిన పలకలా మలుపు తిరిగి పైకి పోతోంది.

"రోడ్డు నిలబడిందిగా," అంది.

"నిలబడింది," అన్నాడు.

నెమ్మదిగా దిగి ఇంటికొచ్చారు. క్లీట్ అంతా విన్నాడు. అతనికి వినకుండా ఉండడం చేతకాదు.

"నిన్ను నరకంలో పడేసినా దుప్పటి అడుగుతావురా నువ్వు."

ఎల్డన్ నవ్వాడు. ఆ రోజు అదే మొదటి నవ్వు. తర్వాత చెల్లెలిని పిలిచి తాళంచెవి దగ్గర కూచోబెట్టాడు. తను కొయ్యని పైపును రేడియేటర్ దగ్గర ఊడదీసి, కింద గిన్నె పెట్టాడు. పైపులోంచి ఆయిల్ వస్తే అది పోయే పైపు, రేడియేటర్‌లోంచి వస్తే తిరిగొచ్చే పైపు.

"ఒక్క ఊపిరి. తిప్పి ఆపెయ్యి."

ఇంజను ఒక్కసారి దగ్గి ఆగింది. రేడియేటర్‌లోంచి ఎర్రటి ఆయిల్ గిన్నెలోకి చిమ్మింది. తను కోసింది పోయే పైపు. ఆయిల్ ముందు కూలర్‌లో చల్లబడి, తర్వాత మరుగుతున్న రేడియేటర్‌లోకి పోయి, మళ్లీ వేడెక్కి పెట్టెలోకి పోయింది. పొద్దుటి పనంతా తిరగబడి ఉంది.

క్లీట్ మోచేతులు కంచె మీంచి తీశాడు.

ఎల్డన్ మళ్లీ కిందికి పాకాడు. కోసిన పైపును గొట్టం ముక్కతో అతికించాడు. అక్కడా రెండేసి పట్టీలు వేశాడు. రెండో పైపు కోశాడు, గట్టు తీశాడు, కూలర్‌కు కలిపాడు. కొలిచి ఆయిల్ పోశాడు. పట్టీ బిగించిన ప్రతిసారీ ఆర్డిత్‌ను పిలిచి వేలు పెట్టి చూడమన్నాడు. కారు కింద ఇద్దరూ పక్కపక్కనే పడుకుని, ఏ గొట్టం ఎటు పోతుందో, దారిలో ఊడితే ఏం చెయ్యాలో అన్నీ చెప్పాడు. నెలరోజుల మాటలు ఆ మధ్యాహ్నమే ఖర్చు పెట్టాడు.

నాలుగున్నరకు మళ్లీ కొండ. ఈసారి ఐదో మలుపు దాకా పోయి ఆపారు. బానెట్ ఎత్తి ఎల్డన్ పక్కకు జరిగాడు.

"నువ్వు పెట్టు. లెక్కపెట్టు. ఐదు దాకా ఉంచగలిగితే ముందుకి పో. లేకపోతే ఆగి, చల్లబడ్డాక పో."

ఆమె పెట్టింది. పెదాలు కదిలాయి. ఆరు దాకా వచ్చి తీసింది. అరచెయ్యి ఎర్రగా కందింది, కాలలేదు. ఆ చేతిని అన్నకు చూపించింది. ఆ చెయ్యీ వంట చేసిన చెయ్యే, అయినా ఇంకా నిజం చెబుతోంది.

"నా చెయ్యి నమ్మకు," అన్నాడు. "నీదే నమ్ము."

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. కారును సమంగా ఉన్న చోట నిలిపించి, ఎక్కడైనా చుక్క కారుతుందేమో తెలియడానికి దాని కింద ఒక పెద్ద అట్ట పరిచాడు. ఆర్డిత్ పీపాలు దించి, కొత్త పెనాలూ పిండి సంచులూ ఎక్కించింది. రాత్రికి బీన్స్, మొక్కజొన్న రొట్టె. తినేసి పెందలాడే పడుకున్నారు. మాటలు అయిపోయాయి.

ఆదివారం తెలతెలవారుతుండగా బండి తగిలించాడు; సోమవారానికి ముందే ఆమె అక్కడ అంతా సర్దుకోవాలి. దారిలో బండి ఊడిపోకుండా గొలుసులు రెండూ అడ్డంగా దాటించి బిగించాడు. వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూశాడు. క్లీట్ పైజామా మీదే వచ్చి కంచె దగ్గర నిలబడి, మొదటి రొట్టె తనకే పంపాలన్నాడు. ఆర్డిత్ అన్న చొక్కా కాలరు సరిచేసింది, కారెక్కింది. కారు బండిని లాక్కుంటూ రోడ్డెక్కి, వంతెన దాటి, చెట్ల వెనక్కి పోయింది. కొండ అడుగున గేరు మారిన చప్పుడు అతనికి వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు.

ఇంట్లోకి పోయి ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఏడూ నలభైకి మోగింది. కొండ పైనున్న కొట్టు నుంచి.

"ఎనిమిది దాకా లెక్కపెట్టాను అన్నయ్యా."

అతను కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. "పదకొండు మలుపులూ?"

"పదకొండూ. ఎక్కడా ఆగలేదు. రోడ్డు బాగుంది. ఎవరేశారో గానీ."

"దిగేటప్పుడు గేరు కిందికి వేసుకో. బ్రేకు మీదే కాలుంచకు," అని ఫోను పెట్టేశాడు.

తర్వాత పెరట్లోకి పోయాడు. ఇనప దిమ్మెలు గోడకు చేర్చాడు. ఆయిల్ గిన్నె తుడిచాడు. అట్ట దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూచుని, అరచెయ్యి పెట్టకుండా, ముఖం దించి కళ్లతోనే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూశాడు. దాన్ని తియ్యకుండా అక్కడే వదిలేసి లోపలికి పోయాడు. రెండు పక్కలా టైర్ల అచ్చులు, ఒక మూల ఆర్డిత్ చెప్పు మడమ గుర్తు, మధ్యలో ఒక్క ఎర్ర చుక్క కూడా లేకుండా ఆ అట్ట పొడిగా, ఎండలో పడి ఉంది.