అంచులో తప్పిన మామిడిపిందె

ఇంట్లో పెద్దవాళ్ళ జీవితాన్ని దేశ చరిత్రతో కలిపి రాసుకురమ్మని బడిలో చెప్పారు. తొమ్మిదో తరగతి మోనిక నోటుపుస్తకం పట్టుకుని తాత దగ్గర కూర్చుంది. నగరిలో మరమగ్గాలు రాకముందు నుంచీ చీరలు నేసినవాడు కుప్పయ్య. యాభై ఏళ్ళలో పని తప్పింది ఒకే ఒక్కసారి అని ఆయన గొప్ప. అయితే ఆ ఒక్కసారీ అవ్వ పెళ్ళిచీరలోనే తప్పింది. అంచు పొడవునా మామిడిపిందెలు ఉన్న ఆ చీరలో ఒక్కచోట మాత్రం బోసిగా ఉంటుంది.

"రాసుకోమ్మా. అరవైతొమ్మిదిలో చంద్రుడి మీద మనిషి దిగినాడని రేడియోలో చెప్పినారు. అది వింటా వింటా పిందె ఎయ్యడం మరిసినాను. ఇంక నా తప్పేముండాది?"

మోనిక బుద్ధిగా రాసుకుంది. వంటింట్లోంచి చౌడమ్మ అవ్వ నవ్వింది.

"ఏ రేడియో అయ్యా? మీ ఇంటికి రేడియో వచ్చింది మన పెండ్లయిన మూడేండ్లకి గదా! ఆ పొద్దు నేను మీ అమ్మ దగ్గరికి నూలు కోసరం వస్తే, మగ్గంలో కూసోని నోరు తెరుసుకోని నన్నే సూస్తా ఉన్నిందెవురు?"

తాత చెవులు ఎర్రబడ్డాయి.

"అది రాయొద్దమ్మా. వీధంతా నవ్వుతారు. నా పనితనం ఏం కావాల?"

మోనిక పెన్ను ఆగిపోయింది.

"అయితే చంద్రుణ్ణి కొట్టేయాల్నా తాతా?" అని మెల్లిగా అడిగింది.

కుప్పయ్య వంటింటి వైపు చూశాడు. అవ్వ ఇంకా నవ్వుతూనే ఉంది.

"సరే, మీ అవ్వ చెప్పిందే రాసుకో. చంద్రుణ్ణి మాత్రం కొట్టేయొద్దు, ఒక పక్కన ఉండనీ."