వరుసలో ఏడో బండి

కారు కొన్న ఏడాదిలో వీరన్నను ఆ మాట అడిగినవాళ్లు తక్కువలో తక్కువ ఇరవై మంది ఉంటారు. పెట్రోలు బంకులో, టోల్‌గేటు దగ్గర, పెళ్లిళ్లలో బండ్లు నిలిపేచోట. "ఎవరి బండన్నా? ఓనర్ లోపలున్నడా?"

అడిగేవాళ్ల తప్పూ లేదు. ముప్పై రెండేళ్లు బస్సు తోలిన మనిషి. ఖాకీ చొక్కా విడిచి రెండేళ్లయినా ఆ ఒద్దిక ఒంట్లోంచి పోలేదు. స్టీరింగు ముందు కొయ్యలా నిటారుగా కూర్చుంటాడు. దిగితే ముందు నాలుగు టైర్లనూ కాలితో తట్టి చూస్తాడు. "నాదే" అని చెబితే ఎదుటివాడు ఒకసారి కారును, ఒకసారి ఆయనను చూసి నవ్వేవాడు. నవ్వు చిన్నదే. కాని ఇంటికి చేరేదాకా చొక్కాలో దూరిన గడ్డిపరకలా గుచ్చుకుంటూ ఉండేది.

జూలూరుపాడు దగ్గర తండా ఆయనది. తండాలో కార్లు ఏడెనిమిది ఉన్నాయి గాని ఫ్రెంచి బండి అదొక్కటే. గోధుమ రంగు డస్టర్. ఖమ్మంలో నర్సుగా చేస్తున్న బిడ్డ సోనియే తండ్రి పేరును ఫ్రెంచి కార్ల క్లబ్బులో రాయించింది. నెలకో ఆదివారం క్లబ్బువాళ్లు వరుస కట్టి ఏదో ఒక ఊరికి పోయి, అక్కడో మంచి పని చేసి వస్తారు. మొదటి ప్రయాణంలో వరుస తప్పకుండా పోయి వచ్చినవాళ్లకు ముందు అద్దానికి అంటించే గుండ్రటి నీలం స్టిక్కర్ ఇస్తారు. దాని మీద క్లబ్బు పేరు, కింద 'ఓనర్' అన్న మాట, ఆ పక్కన మనిషి పేరు.

వీరన్నకు ఆ స్టిక్కర్ కావాలి. దాని కోసం భద్రాచలం రాముడికి మొక్కుకున్నాడు కూడా. అంత పెద్ద దేవుడికి ఇంత చిన్న పని చెప్పవచ్చునా అని తనకే సిగ్గు వేసింది. చిన్నవాటికి కాకపోతే మనబోటివాళ్లం దేవుడి దగ్గరికి దేనికి పోతాం అని మళ్లీ తనే సర్దుకున్నాడు.

ఆ ఆదివారం ప్రయాణం భద్రాచలానికే. అక్కడ ఒక హాస్టలు పిల్లలకు నోటుబుక్కులు పంచి, దర్శనం చేసుకుని రావాలి. పొద్దున్నే ఖమ్మంలో పన్నెండు కార్లు బారుగా నిలబడ్డాయి. క్లబ్బు అధ్యక్షుడు ఉదయ్ భాస్కర్ గ్రానైటు వ్యాపారి. నలభై ఐదేళ్ల మనిషి, మాటలో తొందర, పనిలో పట్టుదల. ఒక్కొక్కరికీ ఒక వాకీటాకీ చేతిలో పెట్టి రూలు చెప్పాడు.

"ముందు బండి నాది. చివరి బండి పిచ్చయ్య బాబాయిది. మధ్యలో ఎవరూ ఒకరినొకరు దాటద్దు, ఆగద్దు. ఆగాలంటే వాకీటాకీల చెప్పాలె. నేను సరే అన్నాకనే ఆగాలె. గోదారి వంతెన దగ్గర మన కెమెరా ఆయన ఎనిమిదింటి నుంచి నిలబడి ఉంటడు. పన్నెండు బండ్లూ ఒక్కసారే వంతెన మీద కనపడాలె. వీరన్నా, నువ్వు కొత్త. ఏడో నంబర్, నడుమల ఉండు."

"అవ్ సార్," అన్నాడు వీరన్న.

పక్క సీట్లోంచి సువర్ణ భర్తను గిల్లింది. "సారేంది? నువ్వు గూడ మెంబరువే గద."

పిచ్చయ్య నవ్వాడు. బోనకల్ దగ్గర మిరప, పత్తి పండించే పెద్దరైతు. అరవై ఏడేళ్లొచ్చినా చివరి బండి బాధ్యత ఎవరికీ వదలడు. "అలవాటు లేమ్మా. నేనూ బ్యాంకు మేనేజరు కనపడితే ఇప్పటికీ లేచి నిలబడతా," అన్నాడు.

బండ్లు కదిలాయి. బారు తీరిన పన్నెండు బండ్లను చూసి రోడ్డు పక్క హోటళ్లలో జనం టీ గ్లాసులతోనే బయటికి వచ్చారు. ముందు ఆరు, వెనక ఐదు, నడుమ తను. ముందు బండికీ తనకూ మధ్య ఎంత ఎడం ఉండాలో వీరన్నకు ఎవరూ చెప్పనక్కరలేదు. దారం పట్టి లాగినట్టు నడిపాడు. జూలూరుపాడులో తండావాళ్లు పదిమంది రోడ్డు మీదికి వచ్చి చేతులూపారు.

"నీ తమ్ముడు ఊపుతుండు. చెయ్యూపవేంది?" అంది సువర్ణ.

"రెండు చేతులు స్టీరింగు మీదనే ఉండాలె."

"అబ్బో! గర్వం మస్తుగనే ఉంది," అని ఆవిడే ఇద్దరి వంతూ చేతులూపింది.

పాల్వంచ దాటాక అడవి మొదలైంది. రోడ్డుకు రెండు వైపులా టేకులు. ఒక మలుపు తిరగగానే బస్సు స్టేజీ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కాళ్ల దగ్గర అడ్డాకు విస్తర్ల కట్టలు. అందులో పెద్దావిడ చెయ్యెత్తింది.

ఆ తరువాత జరిగింది వీరన్న చేసింది కాదు, ఆయన కాలు చేసింది. ముప్పై రెండేళ్లు స్టేజీ దగ్గర చెయ్యి లేస్తే బ్రేకు మీద పడిన కాలు అది. కారు సరిగ్గా ఆవిడ ముందు, అడుగు అటూ ఇటూ కాకుండా ఆగింది. వెనక ఎనిమిదో బండి ఆగింది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు ఆగాయి. ముందున్న ఆరూ సంగతి తెలియక మలుపు దాటి వెళ్లిపోయాయి. వాటి వెనకే ఒక లారీ దూరింది.

ఆయన నోరు కూడా కాలి వెంటే పోయింది. వెనక తలుపు తెరిచి కేకేశాడు. "జల్దీ ఎక్కండి, జల్దీ! లోపలికి జరగండి, లోపలికి!"

సువర్ణ నెత్తి కొట్టుకుంది. "ఎక్కడికి జరుగుతరయ్యా? ఉన్నయే మూడు సీట్లు! అందుల బుక్కుల డబ్బాలు!"

అప్పుడు గాని ఆయనకు తాను కారులో ఉన్నట్టు తెలివి రాలేదు. వాకీటాకీ గరగరమంది. "ఏడో నంబర్! ఏడో నంబర్ ఏమైంది? వెనక ఎవరూ కనపడ్తలేరు!"

తలుపు తెరిచే ఉంది. పెద్దావిడ ఒక కాలు లోపల పెట్టి, పిలిచింది నిజమేనా అన్నట్టు చూస్తూంది. ఇప్పుడు దిగమంటే దిగుతుంది. తలుపు వేసి, ఉరికించి, లారీని దాటితే వంతెన కంటే ముందే వరుస కలిసిపోతుంది. వీరన్న ఆ కాలి వైపు చూశాడు. చెప్పు తెగితే పురికొసతో కట్టుకుని ఉంది.

"ఎక్కు అక్కా," అన్నాడు. "కట్టలు డిక్కీల ఏద్దాం."

దిగి తనే కట్టలు సర్దాడు. పెద్దావిడ పేరు భీమక్క, రెండో ఆవిడ ఎర్రమ్మ. విస్తర్లు అమ్ముకోవడానికి భద్రాచలం పోతున్నారు. పొద్దటి బస్సు అందలేదు, మళ్లీ బస్సు మధ్యాహ్నానికే. ఎర్రమ్మ ఒళ్లో నోటుబుక్కుల డబ్బా పెట్టాల్సి వచ్చింది.

"ఇందుల ఏమున్నయే అమ్మా?" అని అడిగింది ఆవిడ.

"బుక్కులు. అడవిల పిల్లలకు పంచుతందుకు పోతున్నం," అంది సువర్ణ.

"మా పిల్లలకా?" భీమక్క నవ్వింది. "మంచిదే. మరి ముందుగాల ఆరు బండ్లు పాయె. అందుల ఉన్నోళ్లు మమ్మల్ని చూడకనే పాయిరి. వాళ్లు గూడ పంచేటోళ్లేనా?"

సువర్ణ భర్త వైపు చూసింది. వీరన్న రోడ్డు వైపు చూశాడు.

గోదావరి వంతెన మీద ఆరే బండ్లు కెమెరాకు దొరికాయి. మిగిలిన ఆరు వచ్చేసరికి అది కాస్తా సర్దేశారు. అవతలి ఒడ్డున ఉదయ్ భాస్కర్ కారు దిగి నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వీరన్న కారులోంచి ఇద్దరు ఆడవాళ్లు, విస్తర్ల కట్టలు దిగడం చూశాడు. వాళ్లు దండం పెట్టి వెళ్లేదాకా ఆగి అప్పుడు అన్నాడు.

"ఏందన్నా ఇది? సర్వీసు బండనుకున్నవా? నెల రోజుల సంది అనుకున్న పని. ఒక్క మాట వాకీటాకీల చెప్తే ఏం పోయేది?"

నిజమే. ఆ మాట చెప్పాల్సింది. వీరన్న తల వంచుకున్నాడు. వెనకబండ్ల వాళ్లలో ఎవరో, "డ్రైవర్ బుద్ధి పోనిచ్చుకోలేదు," అన్నారు. వెటకారం లేదు, నవ్వుతాలుకే అన్నారు. అయినా ఆయన చెవులు వేడెక్కాయి.

హాస్టల్లో బుక్కులు పంచారు. ఫొటోలు దిగారు. గుడిలో వీరన్న స్టిక్కర్ మాట ఎత్తలేదు. 'స్వామీ, నేను ఆపింది తప్పా? ఇన్ని బండ్లలో ఇన్ని ఖాళీ సీట్లు పెట్టుకుని నీ కొండకు రావడం ఒప్పా?' అని మాత్రం అడిగాడు. వెనక క్యూ నెట్టింది. తీర్థం తీసుకుని, ప్రశ్న ప్రశ్నగానే బయటికి వచ్చాడు.

భోజనాలయ్యాక ఉదయ్ భాస్కర్ అందరినీ కార్ల దగ్గరికి పిలిచాడు. కోపం అప్పటికే దిగిపోయింది. చేతిలో నీలం స్టిక్కర్ ఉంది. దాని మీద 'ఓనర్ - వీరన్న' అన్న అక్షరాలు దూరానికే కనపడుతున్నాయి.

"అన్నా, నువ్వు పెద్దమనిషివి. పొరపాటున ఆగిన అని అందరి ముందట ఒక్క మాట అను. ఇది నీదే."

ఒక్క మాట. చెబితే అయిపోతుంది. వీరన్న స్టిక్కర్ మీద తన పేరును ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. అచ్చులో చూసిన పేరే, జీతం కాగితాల మీద. 'ఓనర్' పక్కన మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"సార్, కాలు బ్రేకు మీద పడ్డది పొరపాటే," అన్నాడు. "చెప్పకుండ ఆగింది గూడ తప్పే. కాని ఎక్కించుకున్నది పొరపాటు గాదు. చూసే ఎక్కించుకున్న. రేపు చెయ్యెత్తినా ఎక్కించుకుంట. గట్లాంటప్పుడు పొరపాటని చెప్పి తీసుకుంటే అది నాకు అంటదు."

సువర్ణ కొంగు సర్దుకుంది.

"మరి వరుస సంగతేందన్నా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. గొంతులో విసుగు లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

ఇప్పుడు వీరన్న తల ఎత్తాడు. ఇది ఆయనకు తెలిసిన విద్య. "నడుమ బండి ఆగితేనే గద వరుస తెగేది? చివరి బండి ఆగితే తెగేదేముంది, దాని ఎనక ఎవరున్నరు? చివరి బండిల రెండు సీట్లు ఖాళీ పెట్టుండ్రి. స్టేజీల చెయ్యి లేస్తే ముందు బండోళ్లు వాకీటాకీల చెప్తరు, చివరి బండోడు ఎక్కించుకుంటడు. పోయిన టైమును రోడ్డు మీద కలుపుకుంటడు. మేం బస్సుల మీద ముప్పై ఏండ్లు చేసిన పని గదే. వాపస్ పోయేటప్పుడు నాకు పన్నెండో నంబర్ ఇయ్యండి. ఖమ్మం దాకా వరుస తప్పకపోతే అప్పుడు ఇయ్యండి స్టిక్కర్. తప్పితే వద్దు."

"అంటే నా సీటుకే ఎసరు పెట్టావన్నమాట!" అన్నాడు పిచ్చయ్య. అందరూ నవ్వారు. ఆయనే తన కారు వెనక అంటించి ఉన్న పన్నెండో నంబరు కాగితాన్ని ఊడదీసి వీరన్న చేతికిచ్చాడు. "తీసుకో తమ్ముడూ. ఏడో నంబరులో కూర్చుని నేనూ కాసేపు అడివి చూస్తా."

తిరుగు ప్రయాణంలో పన్నెండు బండ్లూ ఒకేసారి వంతెన ఎక్కాయి. ఉదయ్ భాస్కర్ మళ్లీ పిలిపించి నిలబెట్టిన కెమెరా ఆయన చేతులెత్తి 'దొరికింది' అని సైగ చేశాడు. అడవిలో పది కిలోమీటర్లు పోయాక వాకీటాకీలో ఉదయ్ భాస్కర్ గొంతు వినిపించింది. "పన్నెండో నంబర్, ముందు స్టేజీల ఇద్దరున్నరు. ముసలాయన, ముసలామె. చెయ్యెత్తిండ్రు."

పదకొండు బండ్లూ వేగం తగ్గకుండా సాగిపోయాయి. వీరన్న ఆపాడు, ఎక్కించుకున్నాడు, కదిలాడు. ఈసారి లోపలికి జరగమని అనలేదు. నాలుగు మలుపుల్లో పదకొండో బండి వెనక దీపాలు కనపడ్డాయి. ఆరో మలుపుకు తన చోటులో తానున్నాడు. కొత్తగూడెంలో వాళ్లిద్దరూ దిగారు.

జూలూరుపాడు వచ్చింది. తండా దారి ఎడమకు తిరిగింది, కారు తిరగలేదు.

"ఇల్లు దాటుతున్నవ్!" అంది సువర్ణ. "మళ్లా గింత దూరం వాపస్ రావాలె. నడుములు పోతున్నయ్ నాకు."

"డ్యూటీ ఖమ్మం దాకా."

ఖమ్మంలో పొద్దు వాలుతుండగా పన్నెండు బండ్లూ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ఉదయ్ భాస్కర్ తనే నడిచి చివరిదాకా వచ్చాడు. తలుపు తెరిచి, వీరన్న దిగేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తన జేబు రుమాలుతో అద్దం తుడిచి స్టిక్కర్ అంటించబోయాడు.

"ఆగుండ్రి," అన్నాడు వీరన్న. "బుడగలొస్తయ్. నేనంటిస్త."

పైనుంచి కిందికి బొటనవేలితో రుద్దుతూ తీరిగ్గా అంటించాడు. అంచు చుట్టూతా ఒత్తాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ దగ్గరికి వచ్చి, అవసరం లేకపోయినా, ఇంకోసారి ఒత్తాడు. పిచ్చయ్య చప్పట్లు మొదలుపెట్టాడు. తక్కినవాళ్లు అందుకున్నారు.

చీకటి పడకముందే ఇంటికి మళ్లాలి. వీరన్న సీట్లో కూర్చుని అద్దంలోంచి ఎదుటి రోడ్డును చూస్తూ కదలకుండా ఉండిపోయాడు. సువర్ణ కాసేపు చూసింది. తరువాత చెయ్యి కిటికీ బయటపెట్టి తలుపు మీద రెండుసార్లు గట్టిగా చరిచింది.

"రైట్, రైట్!"