రెక్క నరంలోంచి

మోకా ఊరి పశువైద్యశాలలో, బల్ల మీద కనేలో అనే ఎర్ర పుంజు సరిగా నిలబడలేక ఒక కాలు పైకి ముడుచుకుంది. దాని గోరు కోసి తీసిన రక్తపు చుక్కను యంత్రంలో పెట్టి, డాక్టర్ యొకాస్తా అంకె చూసింది. యూరిక్ యాసిడ్ పదిహేను దాటకూడదు. అరవై చూపిస్తోంది.

"పోయినట్టేనా, డాక్టరమ్మా?" అన్నాడు పుంజు యజమాని ఎవరిస్తో.

"ఆగండి, దొన్ ఎవరిస్తో. తొందరలో గోరు తుడవకుండా కోశాను. కోడి రెట్టలో తెల్లగా ఉండేది యూరిక్ యాసిడే. అది అంటుకుంటే అంకె పెరుగుతుంది. రెక్క నరంలోంచి మళ్లీ తీద్దాం."

"రెట్ట కోసమా నా గుండె ఆపేశారు!" ముసలాయన నవ్వేశాడు.

ఆమె ఈకలు తడిపి, సన్నటి సూదితో మెల్లగా రక్తం తీసింది. పుంజు గింజుకోలేదు.

"ఇక వీడికి పందేలొద్దమ్మా. పెట్టల మధ్య దొరలా తిరుగుతాడు."

ఈసారి ముప్పై ఎనిమిది.

"తగ్గిందిగా!"

"తగ్గింది రెట్ట వాటానే." ఆమె పుంజు పాదం తిప్పి చూపించింది. వేళ్ల కీళ్ల దగ్గర చర్మం కింద సున్నపు ముద్దల్లా తెల్లటి గడ్డలు. "మూత్రపిండాలు పాడైపోయాయి. ఇక బాగుపడదు. నీళ్లు సరిగా పెట్టారా?"

ఎవరిస్తో తల దించుకున్నాడు. పందేనికి ముందు పుంజు తేలికగా ఉండాలని బరి దగ్గర అందరూ చేసేదే అతనూ చేశాడు: పచ్చి మాంసం, గుడ్లు, గొంతు తడిసేటన్ని నీళ్లు.

"తుఫానొచ్చి పందెం వాయిదా పడిందమ్మా. ఇవాళో రేపో అంటూనే ఉన్నారు. అలాగే ఎండబెట్టాను."

ఆమె తిట్టలేదు. అదే అతనికి పదివేలు.

"మెడ నేనే విరుస్తాను. మా నాన్న అలాగే చేసేవాడు."

"వద్దు. సూది వేస్తే నిద్రలో పోతుంది. మీరు పట్టుకోండి, చాలు."

సూదికి ముందు ఆమె గిన్నెనిండా నీళ్లు పెట్టింది. కనేలో ముక్కు ముంచి, తల పైకెత్తి మింగింది. మళ్లీ ముంచింది. బయట జనం ఎదురుచూస్తున్నా, అది తనంతట తాను చాలించేదాకా ఆమె సూది చేతిలోకి తీసుకోలేదు.

ఇంటికి వెళ్లగానే ఎవరిస్తో మిగిలిన పుంజుల గూళ్లన్నింట్లో నీళ్లు పోయసాగాడు. కంచె అవతలి నుంచి పొరుగింటి నేస్తం ఫెర్మిన్ కేకేశాడు:

"ఏంటి కంపాద్రే, ఆదివారం పందెం పెట్టుకుని ఈ పనేంటి? బరిలోకి బాతుల్ని దింపుతావా?"

"తాగనీరా," అన్నాడు ఎవరిస్తో, బిందె వంచుతూ.