మాస్టారి స్మృతి ప్రదర్శన

ఆ చిత్రశాలలో ఏ బొమ్మా మూడు నెలలకు మించి గోడ మీద నిలవదు. ఒక ప్రదర్శన దిగగానే మేకుల కన్నాలకు పుట్టీ పెట్టి, గోడలకు తెల్లరంగు పూసి, ఇంకొకటి ఎక్కిస్తారు. ఎక్కించడం, దించడం అన్నీ చూసేది ఆవిడే. తలుపు మీద ప్రదర్శనల అధికారి అని రాసి ఉంటుంది కానీ, బొమ్మ ఒక పక్కకు ఒరిగినా, లైటు మాడిపోయినా అందరికీ గుర్తొచ్చేది ఆవిడే.

చిన్నప్పుడు తనకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారిని చూసి రావాలని ఆవిడ ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉంది. ఆడపిల్లకు బొమ్మలేమిటని తండ్రి అడ్డుపడితే, ఇంటికొచ్చి ఆయనతో పోట్లాడి మరీ కాలేజీలో చేర్పించిన మనిషి. ఆయనకు జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నారని తెలిసినప్పుడు ఆవిడ బ్యాగు కూడా సర్దుకుంది. ఈ ప్రదర్శన దిగిపోనీ, వెళ్దాం అనుకుంది. అది దిగింది, ఇంకోటి ఎక్కింది. వెళ్ళాలనుకున్నవాళ్ళకు బస్సు దొరక్కపోదు. ఆవిడకు తీరిక దొరకలేదు.

ఒకరోజు ఫ్రేములు కట్టే ఆయన, "మీ మాస్టారు పోయారటగా మేడమ్" అన్నాడు. ఆవిడ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున, ఇక వెళ్ళక్కర్లేదులే అన్న నిశ్చింత ఒకటి నక్కి ఉంది. అది కనబడగానే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. అది కడుక్కోవడానికే కాబోలు, ఏళ్ళుగా ఆయన్ని చూడని పాత విద్యార్థుల ఇళ్ళ నుంచి మాస్టారి బొమ్మలు అడిగి తెచ్చి స్మృతి ప్రదర్శన తలపెట్టింది. మాస్టారి కూతురికి ఒక్క ఫోను చేసి ఉంటే సంగతి తేలిపోయేది. ఏ మొహం పెట్టుకుని చేస్తుంది?

ప్రారంభం నాడు డైరెక్టరు మైకు ఆవిడ చేతికిచ్చి, "మీరు ఆయన శిష్యురాలేగా, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నాడు. మాస్టారి గీత గురించి, రంగుల గురించి ఆవిడ చెబుతుంటే ముందు వరసలో వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంతలో ఒక విలేకరి లేచి అడిగాడు.

"ఆఖరి రోజుల్లో మీరు దగ్గరున్నారా మేడమ్?"

లేను అనడానికి ఎంతసేపు పడుతుంది?

"ఉన్నానండీ" అంది.

అక్కడితో ఊరుకుందా? "ఆసుపత్రిలో ఆయన చెయ్యి నా చేతుల్లోనే ఉంది. 'నా బొమ్మలు నువ్వే చూసుకోవాలమ్మా' అన్నారు" అని కూడా అనేసింది. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి. ఆవిడకు కూడా ఒక్క క్షణం అంతా నిజమే అనిపించింది.

తల తిప్పి చూస్తే, వెనక వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు.

తల కొట్టేసినట్టయింది. వేదిక ఎలా దిగిందో, ఎలా నడిచిందో, వెళ్ళి ఆయన ముందు నిలబడింది. పక్కనున్న కూతురు అప్పటికే మండిపోతోంది.

"పేపర్లో చూసి పరిగెత్తుకొచ్చామండీ. బతికున్న మనిషిని చంపేస్తారా? పైగా చెయ్యి పట్టుకున్నారా?"

"నువ్వుండమ్మా" అన్నారు మాస్టారు.

డైరెక్టరు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "వీరెవరు మేడమ్?"

ఆవిడ నోరు తెరిచింది. ఉద్యోగం, పరువు, రేపటి పేపరు అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"పోయినాయనకి అన్నని బాబూ" అన్నారు మాస్టారు.

డైరెక్టరు గోడ మీద దండ వేసి ఉన్న మాస్టారి ఫొటో వైపు చూసి, "పోలికలు బాగా ఉన్నాయిలెండి" అన్నాడు.

"మావాడి కంటే నేనే కాస్త నయం" అన్నారాయన. చింత చచ్చినా పులుపు చావలేదు. డైరెక్టరు పకపకా నవ్వి, విలేకరులకు కాఫీ ఇప్పించడానికి వెళ్ళాడు.

శిష్యురాలి కోసం ఆయన చచ్చిపోయి ఉండడానికి ఒప్పుకున్నారు. ఆవిడ కాదనలేదు. అబద్ధమాడినప్పటి సిగ్గు ఒక ఎత్తు, ఈ మౌనం ఒక ఎత్తు.

ఆయన వెంట బొమ్మ బొమ్మ దగ్గరా తలొంచుకుని నడిచింది. అరుగు మీద నిద్రపోతున్న కుక్క బొమ్మ దగ్గర ఆయన ఆగారు.

"ఎత్తు సరిగ్గా పెట్టావు. బాగుంది" అని కాసేపు చూసి, "అమ్మాయ్, ఆసుపత్రిలో నువ్వు పట్టుకున్నది ఏ చెయ్యి?" అన్నారు.

ఆవిడ కళ్ళ నీళ్ళు నేల మీద పడ్డాయి.

"కుడి చెయ్యే అయ్యుంటుందిలే. అది పడిపోయింది కదా, ముట్టుకున్నా తెలీదు. అందుకే నాకు తెలిసుండదు."

వెటకారంగా అని ఉంటే ఆవిడ తట్టుకునేది. ఆయన నిజంగానే ఆవిడ కోసం ఒక సాకు వెతుకుతున్నారు.

వెళ్తామని కూతురు కర్ర అందుకుంది. మెట్ల దగ్గర మాస్టారు ఎడమ చెయ్యి చాపారు. ఆవిడ పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"అన్నగారు అప్పుడే బయల్దేరారా?" వెనక నుంచి డైరెక్టరు. ఆయన పక్కన విలేకరి, చేతిలో కాఫీ కప్పు.

ఆవిడ చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగింది.

"అన్నగారు కాదండీ, మాస్టారే" అంది. హాలంతా వినబడింది. "నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. ఈ చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి."