ఒంటిచేత్తో

మా ఆయనకు దగ్గు వచ్చినప్పుడల్లా దిండు తీసి పొట్టకు అదిమి పట్టుకోవడం నా పని. పేగు మెలిపడిందని పొట్ట నిలువునా కోశారు. నాలుగు రోజులయింది. దగ్గితే కుట్లు లాగుతాయి. దగ్గకపోతే నెమ్ము చేస్తుందని నర్సమ్మ ఊరుకోదు.

"దగ్గండి బాబాయిగారూ. దిండుంది, పిన్నిగారున్నారు. కుట్లు ఎక్కడికీ పోవు."

"నీకేం తల్లీ, ఎన్నైనా చెప్తావు," అంటారాయన. అయినా దగ్గుతారు. ఆ పిల్ల మాటంటే గురి.

నేను ఆ పిల్ల చేతులు చూస్తూ కూర్చుంటాను. మనిషిని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. ఒళ్లు తుడిచేటప్పుడు తుడిచినంత మేరకే దుప్పటి తీస్తుంది. మిగతాది కప్పే ఉంచుతుంది. మంచాన పడ్డ మనిషికీ సిగ్గుంటుందని ఆ పిల్లకు ఎవరు చెప్పారో.

నన్నూ కోశారు, మూడేళ్ల కిందట. గర్భసంచి తీసేశారు. ఐదో రోజు ఇంటికొచ్చాను. ఆరో రోజు పొద్దున అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "కోసింది పొట్టనేగా, చేతులు బాగానే ఉన్నాయిగా," అంది. ఆయన పేపరు చదువుతున్నారు. తల ఎత్తలేదు. "నీళ్లు కాగినట్టున్నాయి, బకెట్లో పోసి పెట్టు," అన్నారు. పోశాను. మోశాను. లోపల పాత గుడ్డ చిరిగినట్టయింది. నెల తిరక్కుండానే కుట్టు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. ఇప్పుడది రెండు పిడికిళ్లంత. దగ్గినా తుమ్మినా బరువెత్తినా బయటికి తన్నుకొస్తుంది. ఎడమచేత్తో లోపలికి నొక్కి పట్టుకుంటాను. ఊడవడం, ఉతకడం, పరుపులు దులపడం, ఆ అత్తగారే మంచాన పడితే పోయేదాకా పక్క తిప్పి పడుకోబెట్టడం, అన్నీ ఒంటిచేత్తోనే. గట్టిగా దగ్గి ఎన్నాళ్లయిందో. గొంతులోనే నలిపి మింగేస్తాను. ఒకసారి ఆయనకు చూపించాను. "కొవ్వు. తిని కూర్చుంటే రాదూ?" అన్నారు. ఆడపడుచు వచ్చిన రోజున, "మీ వదిన మళ్లీ నెల తప్పిందే," అని నవ్వించారు. నేనూ నవ్వాను. నవ్వినా బయటికొస్తుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇవాళ పొద్దున ఆయన మంచం మీద కిందికి జారిపోయారు. ఒంటి కింద అడ్డంగా ఒక మడత దుప్పటి వేసి ఉంటుంది. ఇద్దరు చెరోవైపు నిలబడి, దాని అంచులు పట్టుకుని, ఒక్కసారిగా లాగి మనిషిని పైకి జరపాలి. రోజూ ఇంకో నర్సు పట్టేది. ఇవాళ ఆవిడ రాలేదు.

"పిన్నిగారూ, మీరు పట్టండి. ఒకటి, రెండు, మూడు."

నా వైపు దుప్పటి వెనకబడింది. ఆయన కెవ్వుమన్నారు.

"సరిగ్గా పట్టి చావవేం?"

"ఒక చేత్తో పట్టారేం పిన్నిగారూ? రెండు చేతులూ వేయండి."

వేశాను. లాగాను. కళ్లు చీకట్లు కమ్మాయి. మంచం ఊచ మీదికి వంగిపోయాను. ఎడమచెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

నర్సమ్మ అది చూసింది. పక్క మంచం ఖాళీగా ఉంటే దాని మీద పడుకోబెట్టి, మధ్యలో తెర లాగింది. అరచేతులు రుద్దుకుంది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది.

"దగ్గండి."

రాలేదు. సగంలో మింగేశాను.

"ఎన్నాళ్లుగా ఉంది?"

"మూడేళ్లు. కొవ్వంట."

"ఎవరన్నారు?"

నేను తెర వైపు చూశాను.

"ఇది పేగు పిన్నిగారూ," అంది మెల్లగా. "లోపలికి పోవడం లేదు, చూడండి. ఇలాగే ఇరుక్కుపోతే పూటలో ప్రాణం మీదికొస్తుంది."

వెళ్లి డాక్టరుగారిని తీసుకొచ్చింది. ఆయన నొక్కి చూశారు. ఇప్పుడే చేరాలన్నారు, సాయంత్రంలోగా ఆపరేషనన్నారు, గబగబా వెళ్లిపోయారు. తెర అవతల మా ఆయన విన్నారు.

"ఇప్పుడా? నేను లేచి తిరిగాక చూద్దాం లెండి. మూడేళ్లు ఆగింది మూడు వారాలు ఆగదా? ఇంటికో రోగి చాలడా? నన్నెవరు చూస్తారు?"

"నేనున్నాగా బాబాయిగారూ."

"నువ్వు డ్యూటీ దిగి వెళ్లిపోతావు తల్లీ. ఆవిడకైతే డ్యూటీ దిగడమంటూ లేదుగా."

మంచి మాటే అన్నాననుకుని నవ్వారు కూడా. కుట్లు లాగి మూలిగారు.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నిజమే చెప్పారు. ముప్పై ఏళ్లలో ఆయన నా గురించి నిజం చెప్పింది ఇదొక్కసారే. లేచి వెళ్లి ఆ దుప్పటి అంచు మళ్లీ పట్టుకోవచ్చు. అలవాటైన పనే. కాళ్లు కిందికి దించబోయాను కూడా. నర్సమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆపడానికి కాదు, ఊరికే వేసింది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. కాళ్లు మళ్లీ మంచం మీదికి తీసుకున్నాను.

"రాసుకో అమ్మా," అన్నాను.

చేరిక కాగితంలో పేరు రాసుకుంది. వయసు రాసుకుంది.

"మీ వెంట ఎవరుంటారు?"

ఆ పిల్ల కలం ఆ గడి దగ్గరే ఆగింది.

"అక్కడ గీత గీసెయ్," అన్నాను.

గీయలేదు. ఎవరైనా వస్తారేమోనని ఖాళీగానే ఉంచింది.

అప్పుడు ఆయనకు దగ్గు వచ్చింది.

"ఏయ్, ఎక్కడున్నావ్? దిండు!"

"మీ పక్కనే ఉంది," అన్నాను. "కోసింది పొట్టనేగా. చేతులు బాగానే ఉన్నాయిగా."

రెండు చేతులూ నా పొట్ట మీద పెట్టుకుని, వార్డంతా వినపడేట్టు దగ్గాను.